మొక్కుకున్న గొంతు

న్యూవార్క్, న్యూజెర్సీ
11 ఫిబ్రవరి 1979

నా అన్న బిడ్డ దెబోరాకు, నిన్ను పెంచిన మేనత్త కరుణమ్మ వ్రాస్తున్నది. సింహాల గుహలో దానియేలును కాచినవాడు ఆ మెంఫిస్ పట్టణంలో నిన్నూ కాచుగాక.

ఇక్కడ మంచు మోకాలి లోతున పడింది. బస్సులు లేక ఆసుపత్రి డ్యూటీకి నడిచే వెళ్తున్నాను. మన తెలుగు సహవాసం కూడుకునే బేస్‌మెంటులో హీటరు చెడిపోయింది. పైన రెవరెండ్ టేలర్ గారి చర్చి వెచ్చగానే ఉంది, కింద మన బతుకే ఇలా. ఆదివారం అందరూ కోట్లు విప్పకుండానే కూర్చున్నారు. నా ప్రసంగం సగమయ్యేసరికి మన సంఘపెద్ద సత్యానందం గారు కోటు తీసి కుర్చీకి తగిలించారు. "మీరు మాట్లాడితే హీటరు ఖర్చు మిగులుతుందమ్మా" అన్నారు. అగ్నిగుండం గురించి చెప్పానులే.

ఇక అసలు సంగతి. విమలకుమారి భర్త రవికుమార్ కంపెనీ పని మీద మీ ఊరు వచ్చాడు. అక్కడ ఒక గోడ మీద నీ బొమ్మ చూశాడట. మెడకు ఎర్ర గుడ్డ చుట్టుకుని, మైకు పట్టుకుని, నోరు తెరిచి ఉన్నావట. కింద డెబ్బీ రాజ్ అని పేరు. ఆ సంగీతాన్ని సోల్ అంటారని, అంటే ఆత్మ అని అతనే నాకు వివరించాడు. ఏ ఆత్మ అని అడిగాను. చర్చిలో కాదమ్మా, సారా పోసే చోట అన్నాడు.

నిన్ను నర్సు చదువుకని పంపాను. టేలర్ గారి చర్చిలో పాడే సిస్టర్ ఒడెస్సా వాళ్ళ అక్క ఇంట్లో ఉండి, వాళ్ళ చర్చి క్వయర్‌లో పాడుకుంటావని పంపాను. దెబోరా అని నీకు పేరు పెట్టింది నేను. న్యాయాధిపతుల గ్రంథంలో ఆ దెబోరా పాడింది, అయితే యెహోవాకు పాడింది.

నీకు ఆరేళ్ళప్పుడు గొంతువాపు వచ్చింది. బాపట్ల మిషన్ ఆసుపత్రిలో డాక్టరు దొరగారు నీ గొంతు కోసి గొట్టం పెట్టారు. ఊపిరి వచ్చింది గాని మాట పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ లేదు. నేను ఆ వరండాలో మోకాళ్ళూని, సమూయేలు కోసం మొక్కుకున్న హన్నాలా మొక్కుకున్నాను. ఈ పిల్ల గొంతు తిరిగి ఇస్తే అది నీ సన్నిధిలో తప్ప ఇంకెక్కడా పాడదు ప్రభువా అన్నాను. ఆయన తన మాట నిలుపుకున్నాడు. నీ గొంతు నీది కాదు దెబోరా, మొక్కుకున్నది. రవికుమార్ పొరబడ్డాడని ఒక్క ముక్క వ్రాయి, చాలు.

ప్రార్థనలో నిన్ను విడువని,
మేనత్త

మెంఫిస్, టెన్నెసీ
2 మార్చి 1979

అత్తా,

రవికుమార్ అంకుల్ పొరబడలేదు. ఆ బొమ్మ నాదే. నర్సింగ్ కూడా సెప్టెంబరులో మానేశాను. ఎలా చెప్పాలో తెలియక చెప్పలేదు.

మొదట ఒక స్టూడియోలో వేరేవాళ్ళ పాటలకి వెనక గొంతు కలిపాను. ఒక అమ్మాయి రాలేదని ఆర్గన్ వాయించే లీరాయ్ నన్ను చర్చి నుంచి నేరుగా తీసుకెళ్ళాడు. అతను ఆదివారం మా చర్చిలో వాయిస్తాడు, మిగతా రోజులు స్టూడియోలో. "ఈ మూడో గొంతు నీకెవరు నేర్పారు?" అని అడిగాడు. నీకు గుర్తుందో లేదో, న్యూవార్క్‌లో టేలర్ గారి చర్చివాళ్ళు తమ ఆరాధన అయ్యాక మనకి చోటిచ్చేవాళ్ళు. అది ఎప్పుడూ టైముకి అయ్యేది కాదు. నువ్వు మెట్ల మీద వాచీ చూసుకుంటూ "ఈ జనానికి ఆకలి కూడా వెయ్యదా" అని సణిగేదానివి. నేను లోపలికి జారుకుని సిస్టర్ ఒడెస్సా పక్కన నిలబడేదాన్ని. ఆవిడ ఒక లైను పాడితే ముప్పైమంది జవాబు చెప్పేవాళ్ళు. నాకు పాట వచ్చింది ఆ మెట్ల మీద ఆలస్యంలోనే.

ఇప్పుడు నేనే ముందు నిలబడి పాడుతున్నాను. జనం అలాగే జవాబిస్తారు, అలాగే కళ్ళు తుడుచుకుంటారు.

ఎర్ర స్కార్ఫ్ సంగతి ఎత్తావు. మచ్చ కనిపిస్తే నన్నెవడో కోశాడనుకుని అడుగుతున్నారు. అందుకని కట్టాను.

మొక్కు నువ్వు మొక్కుకున్నావు. నన్ను అడగలేదు. అడిగినా చెప్పడానికి నాకప్పుడు మాట లేదు.

ఆరోగ్యం జాగ్రత్త. మంచులో నడవకు.
దెబోరా

న్యూవార్క్
13 మార్చి 1979

దెబోరాకు,

నీ ఉత్తరం చదివి బల్ల మీద బోర్లా పెట్టాను. మళ్ళీ తిరగేసే ధైర్యం రాలేదు.

సమూయేలును మాత్రం ఎవరడిగారు? పాలు మానగానే తల్లి తీసుకెళ్ళి మందిరంలో విడిచింది. ఇస్సాకును అడిగే కట్టెలు మోయించాడా అబ్రాహాము? అడిగి చేసేది బేరం. మొక్కు అలా ఉండదు. జనం కళ్ళు తుడుచుకుంటారన్నావు. కన్నీళ్ళు ఏశావుకీ వచ్చాయి, జ్యేష్ఠత్వం తిరిగి రాలేదు. ఇక ఆ లీరాయ్, ఒకే ఆర్గన్ మీద దేవుణ్ణీ లోకాన్నీ పక్కపక్కన కూర్చోబెట్టేవాడు, అతనితో నాకు మాట లేదు.

అయినా నీ ముందు తలుపు ఒకటి తెరిచి పెడుతున్నాను. మనకి ఎడిసన్‌లో సొంతంగా ఒక హాలు దొరికింది. కిందంతా గోదాము, పైన మనం. ఇక ఎవరి ఆరాధన ఎప్పుడవుతుందా అని మెట్ల మీద నిలబడక్కర్లేదు. ఈస్టరు ఉదయం ప్రతిష్ఠ. తలుపు బయట నువ్వు నిలబడి కీర్తన ఎత్తుకోవాలి, నీ పాట అయ్యాకే తాళం తీస్తాం. సంఘంలో ప్రకటించేశాను. మొక్కు చెల్లించేవాళ్ళు గుమ్మం దగ్గరే చెల్లిస్తారు. ఆ రోజు నీ పాట నా చెవిన పడితే పాతదంతా సముద్రంలో వేస్తాను.

రాకపోతే ఏమవుతుందో వ్రాయను. వస్తావు.

అత్త

మెంఫిస్
24 మార్చి 1979

అత్తా,

వస్తాను. బస్సులో వస్తాను. ఆ ఒక్క పాట పాడతాను. మొక్కు చెల్లించడానికని మాత్రం అనుకోకు. నిన్ను చూడాలని ఉంది.

దెబోరా

ఎడిసన్
17 ఏప్రిల్ 1979

దెబోరాకు,

ఈస్టరు ఉదయం తాళంచెవి చేత్తో పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడ్డాను. నా వెనక సంఘమంతా నిలబడింది. పసిపిల్లలు ఏడ్చారు. తెచ్చిన పులిహోర చల్లారింది. విమలకుమారి "వస్తుంది లెండి అక్కా" అని ఎన్నిసార్లు అన్నదో. చివరికి సత్యానందం గారే "అమ్మా, పునరుత్థాన దినాన ఈ ఎదురుచూపేంటి, తెరవండి" అన్నారు. పాట లేకుండా తెరిచాను. మూగగా.

లోపలికి వెళ్ళి, దేమా ఈ లోకాన్ని ప్రేమించి తనను విడిచిపోయాడని పౌలు బాధపడిన మాట మీద ప్రసంగించాను. కుక్క తను కక్కినదానికే తిరిగి వెళ్ళిందన్న మాట కూడా చెప్పాను. నీ పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని పడలేదు.

వస్తాను అని వ్రాసిన చెయ్యి నీదే కదా.

కరుణమ్మ

మెంఫిస్
5 మే 1979

అత్తా,

నువ్వేం ప్రసంగించావో నువ్వు వ్రాయక ముందే నాకు తెలుసు. ఇక నాకు వ్రాయకు.

దెబోరా

మెంఫిస్
9 అక్టోబరు 1980

అత్తా,

ఉత్తరాలు వద్దన్నది నేనే, మళ్ళీ మొదలుపెడుతున్నదీ నేనే. నా మొదటి రికార్డు వచ్చింది. అందులో ఒక పాట రేడియోలో వేస్తున్నారు. అట్లాంటా, షికాగో, డెట్రాయిట్ తిరిగాం. పెద్ద బ్యాండ్లకి ముందు అరగంట పాడనిస్తారు, జనం అప్పటికింకా సీట్లు వెతుక్కుంటూ ఉంటారు. మొన్న డెట్రాయిట్‌లో మాత్రం వెతుక్కోవడం మానేసి నిలబడ్డారు.

రికార్డు పార్సెల్‌లో పంపుతున్నాను. మాటలు నావే. మొదటి పాట విను. రెండోది వినకపోయినా పర్వాలేదు, అది కంపెనీవాళ్ళ కోసం.

దెబోరా

ఎడిసన్
16 నవంబరు 1980

దెబోరాకు,

నీ పార్సెల్ విప్పకుండా వెనక్కి పంపాను. వినాల్సిన పని లేదు, ముందే విన్నాను. విమలకుమారి కూతురు ఉషా వంటింట్లో గిన్నెలు కడుగుతూ పాడుతోంది. "నీ వేలు ఇక్కడ పెట్టు, అప్పుడు నేను నోరు విప్పుతాను" అని దాని అర్థమట. పదిహేనేళ్ళ పిల్ల. "ఎవరి పాటే అది?" అని అడిగితే, "డెబ్బీ అక్కది ఆంటీ, మీకు తెలీదా? స్కూల్లో అందరూ పాడతారు" అని గొప్పగా చెప్పింది. ఎవడి వేలో, ఎక్కడ పెట్టమంటున్నావో, ఆ పిల్ల ముందు నేను తల ఎత్తుకోలేకపోయాను.

మెడ మీద దేవుడు చేసిన గుర్తును గుడ్డతో కప్పుకున్నావు. నోట్లోంచి మాత్రం ఇది తీశావు.

కాబట్టి ఒక సంగతి నీకు చెప్పి మరీ చేస్తున్నాను, వెనక నుంచి కాదు. వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి సంఘంలో గొలుసు ప్రార్థన పెడుతున్నాను. ఒక్కొక్కరు ఒక్కో గంట, ఉపవాసంతో, ఒకరు లేచాకే ఇంకొకరు మోకరించాలి, మధ్యలో తెగకూడదు. అడుగుతున్నది ఒక్కటే. ప్రభువా, నీకిచ్చినది అంగడిలో అమ్ముడుపోతోంది, నీ సొత్తు నీవే తీసేసుకో. జెకర్యా నాలుకను బిగించినవాడివి, ఈ నాలుకనూ బిగించు. అది తిరిగి నీ గుమ్మానికి వచ్చేదాకా విప్పకు.

నిన్ను ద్వేషించి కాదు. నరకంలో పాడేకంటే పరలోకంలో మూగగా ఉండటం మేలు.

కరుణమ్మ

మెంఫిస్
19 జనవరి 1981

అత్తా,

నీ గొలుసు తెగలేదు. నా గొంతు పోయింది.

క్రిస్మస్‌కి ముందు సెయింట్ లూయిస్‌లో రెండో పాట మధ్యలో ఆగిపోయింది. నోరు తెరిచాను, గాలి వచ్చింది. చిన్నప్పుడు ఎలా వచ్చేదో అలాగే. జనం అది పాటలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

డాక్టరు చూశాడు. లోపల స్వరపు తీగ మీద గడ్డ ఉంది, కోసి తియ్యాలి. ఆపరేషన్ అయ్యేదాకా, అయ్యాక కూడా చాలా రోజులు, ఒక్క మాట మాట్లాడకూడదు. పలక కొనుక్కున్నాను. షాపులో, బస్సులో, అన్నిటికీ పలకే. లీరాయ్ నా ముందు కూర్చుని ఏమీ మాట్లాడడు, మాట్లాడితే నాకు జవాబు వ్రాసే పని పడుతుందని.

నీకు తెలియాలి కాబట్టి వ్రాశాను. సంఘంలో చెప్పుకో.

దెబోరా

ఎడిసన్
27 జనవరి 1981

నా తల్లీ,

నీ ఉత్తరం ఆసుపత్రికి వెళ్తూ బస్సులో చదివాను. దిగాల్సిన చోట దిగలేదు.

ఫోను చేశాను కదా, ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. నేనొక్కదాన్నే మాట్లాడుతుంటే అవతల నీ ఊపిరి వినిపించింది. "ఉన్నావా" అంటే రిసీవరు మీద ఒకసారి తట్టావు. "నేను రానా" అంటే రెండుసార్లు తట్టావు. రెండంటే వద్దనేగా.

ఆదివారం సంఘంలో చెప్పాను. గొలుసు ఆపేయమని చెబుదామని లేచాను. సగం చెప్పేసరికే సత్యానందం గారు చేతులెత్తి "దేవుడు సజీవుడు" అన్నారు. హాలంతా స్తోత్రం, స్తోత్రం అని మారుమోగింది. విమలకుమారి ఏడ్చింది, సంతోషమో దుఃఖమో దానికే తెలియదు. అందరూ నా వైపు తిరిగి నేను కూడా అంటానని చూశారు. నా నోట ఆ మాట రాలేదు.

నర్సుగా అడుగుతున్నాను, జవాబు వ్రాయి. గడ్డ ఒక తీగ మీదా, రెండిటి మీదా? పాత కోత వల్ల లోపల దారి సన్నబడి ఉంటుంది, మత్తిచ్చే డాక్టరుకి ఆ సంగతి ముందే చెప్పారా? మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందా? వస్తుంటే ఆలస్యం చెయ్యకూడదు. గడ్డ పెరిగితే పోయేది పాట కాదు, ఊపిరే. ఆపరేషన్ ఎప్పుడు?

అత్త

మెంఫిస్
5 ఫిబ్రవరి 1981

అత్తా,

రెండు తీగల మీదా ఉంది. దారి సన్నగా ఉందని డాక్టరే చెప్పాడు. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోంది. తేదీ మార్చి మొదటి వారం ఇచ్చారు. నేను సంతకం పెట్టలేదు.

ఎందుకు పెట్టాలి? కోస్తే గొంతు వస్తే రావచ్చు. వచ్చినా అది నాది కాదంటావు. ఒకసారి పోయిన గొంతును నువ్వు అడిగి తెచ్చావు, నీదో దేవుడిదో అయింది. మళ్ళీ మీరంతా అడిగి తీసేశారు. ఇప్పుడు ఇంకోసారి తెచ్చుకుని ఎవరికి బాకీ పడాలి? నాకు విసుగు వచ్చింది అత్తా. ఉండనీ, ఆయన దగ్గరే ఉండనీ.

ఇంకొకటి. ఈస్టరుకి నేను వచ్చాను. వర్జీనియాలో బస్సు చెడిపోయింది, ఇంకోటి వచ్చేసరికి తెల్లారిపోయింది. బస్సు స్టేషన్లో ముఖం కడుక్కుని, స్కార్ఫ్ తీసేసి, చీర కట్టుకుని వచ్చాను. గోదాము పక్క మెట్లు ఎక్కాను. తలుపు మూసి ఉంది, లోపల నీ గొంతు. ఆ గొంతు నాలుగిళ్ళ అవతలికి వినిపిస్తుంది, తలుపు ఒక లెక్కా? దేమా గురించి విన్నాను, కుక్క గురించి విన్నాను. అందరూ ఆమేన్ అన్నారు. విమల ఆంటీ గొంతు కూడా పోల్చుకున్నాను. తట్టడానికి ఎత్తిన చెయ్యి దించుకున్నాను. మళ్ళీ మెట్ల మీదే నిలబడ్డాను అత్తా, ఈసారి నన్ను లోపలికి జారుకోనిచ్చే పాట లేదు.

ఒక్క ప్రశ్నకి జవాబు వ్రాయి. బైబిలు వాక్యాలు వద్దు, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పు. గొంతు వస్తే అది ఎవరిది? నీ జవాబు వచ్చేదాకా సంతకం పెట్టను.

దెబోరా

ఎడిసన్
16 ఫిబ్రవరి 1981

దెబోరా,

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ ఆ మెట్ల వైపు చూడలేకపోతున్నాను. ఎక్కక తప్పదు కాబట్టి తల దించుకుని ఎక్కుతున్నాను.

వాక్యాలు వద్దన్నావు. జవాబు చివర్న ఉంది, అది మాత్రం చదువుకున్నా సరే. కాని వాక్యం లేకుండా నాకు నడక రాదు తల్లీ, కర్ర లేని గుడ్డిదాన్ని అవుతాను.

యెఫ్తా మొక్కుకున్నాడు, యుద్ధం గెలిపిస్తే నా గుమ్మంలోంచి ఎదురొచ్చేది నీకు బలి అని. ఎదురొచ్చింది కూతురు. తంబుర పట్టుకుని, పాడుతూ. ఈ సంగతి మీద నేనెన్ని ప్రసంగాలు చేశానో. ప్రతిసారీ మాట తప్పని తండ్రి అని యెఫ్తానే మెచ్చుకున్నాను. ఆ పిల్ల చేతిలో తంబుర ఉందని ఒక్కసారీ ఆగి చూడలేదు. ఈ వారం చూశాను.

మొక్కును మింగేసే అధికారం నాకు లేదు. పలికింది పలికిందే. కాని లేవీయకాండం ఇరవై ఏడో అధ్యాయంలో మొక్కుకున్నదాన్ని విడిపించుకునే దారి ఉంది. అందుకని నిన్న ఆదివారం లేచి, ఆ అధ్యాయం తెరిచి, గొలుసును ఇక్కడే తెంపుతున్నానని చెప్పాను. సత్యానందం గారు లేచారు. "దేవుడు జవాబిచ్చాక వద్దంటావా అమ్మా? ఆయనతో ఆటలా?" అన్నారు. మంచి మనిషే, బాధతోనే అన్నారు. "ఆ జవాబు దేవుడిదో నా కోపానిదో నాకు తెలియడం లేదయ్యా. తెలియనిదాన్ని ఇక్కడ నిలబడి మాట్లాడకూడదు" అన్నాను.

అప్పుడు అందరి ముందూ చెప్పాను. పిల్ల గొంతుకు మారుగా నా గొంతు ఇస్తున్నాను. ఆసుపత్రిలో రోగులతో మాట్లాడక తప్పదు. సంఘంలో మాత్రం ఇక నా ప్రసంగం లేదు, ప్రార్థన లేదు, పాట లేదు. బైబిలు మూసి, వెనక బెంచీ మీద ఆడవాళ్ళ చివర కూర్చున్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు.

నాకు ఆ ప్రసంగ పీఠం తప్ప ఇంకేం లేదని నీకు తెలుసు. నర్సు చదువు తప్ప ఇంకో చదువు లేనిదాన్ని, భర్త లేదు, పిల్లలు లేరు. లేచి నిలబడితే మాత్రం మాట వచ్చేది. బలికి పాడైన గొర్రెను తెచ్చానని దేవుడు అనడు.

ఇదీ జవాబు. వస్తే అది నీది. నాది కాదు, సంఘానిది కాదు. క్లబ్బులో పాడుకో, వీధిలో పాడుకో, అసలు పాడకు. సంతకం పెట్టు.

అత్త

మెంఫిస్
28 ఏప్రిల్ 1981

అత్తా,

ఇంతకాలం వ్రాయకపోవడం కోపంతో కాదు. సంతకం పెట్టిన రోజు ఫోను చేశాను. నేను మాట్లాడకూడదు, నువ్వు మాట్లాడలేదు. "ఇది సంఘం కాదు అత్తా, ఫోను" అని చెబుదామంటే నాకు నోరు లేదు. రిసీవరు మీద ఒకసారి తట్టాను. నువ్వూ ఒకసారి తట్టావు. పక్కనే ఉన్న లీరాయ్ మనిద్దరికీ పిచ్చి అనుకున్నాడు.

గడ్డలు తీసేశారు. మత్తు డాక్టరు చిన్నపిల్లల గొట్టం వేశాడట, నువ్వు చెప్పమన్నది చెప్పాను. మొన్న డాక్టరు ఏదైనా మాట అనమన్నాడు. ఏం చేశానో తెలుసా? చెయ్యి దానంతట అదే వెళ్ళి మెడ మీద మచ్చను మూసింది. ఇప్పుడక్కడ రంధ్రం లేదు, అయినా వేలు పెడితేనే మాట వస్తుందనిపించింది. "అత్త" అన్నాను. గరగరలాడింది. వచ్చింది.

పై స్థాయి పోయింది. వెనకటి పాటలు వెనకటిలా పాడలేను. లీరాయ్ అన్నీ శ్రుతి రెండు మెట్లు దించి వాయించాడు. కాసేపు విని, "ఇప్పుడు నిన్ను జనం నమ్ముతారు" అన్నాడు.

ఇక నువ్వు విప్పకుండా పంపిన పార్సెల్ సంగతి. బాపట్లలో గొట్టం పెట్టినప్పుడు నాకు మాట రాకపోతే, నువ్వు రోజూ డ్యూటీ అయ్యాక వచ్చి మంచం మీద కూర్చుని, ఆ గొట్టం నోటి మీద వేలు పెట్టి "ఇప్పుడు చెప్పు" అనేదానివి. అప్పుడు మాట వచ్చేది. వేలు తీస్తే పోయేది. నాకు ఏం కావాలన్నా, నీళ్ళయినా, నాన్నయినా, నీ వేలు వచ్చేదాకా ఆగాలి. ఆ పాట అదే. ఆ వేలు నీది. ఎవడిదో అనుకున్నావు.

మళ్ళీ పంపుతున్నాను. ఈసారి విప్పు.

ఇంకొక మాట. నన్ను నువ్వు పెంచావు కాబట్టి నేనూ లేవీయకాండం ఇరవై ఏడు తెరిచాను. నువ్వు విడిపించడం దగ్గర ఆగిపోయావు. పదో వచనం చదవలేదు. మొక్కుకున్నదాన్ని మార్చకూడదు, ఒకవేళ మారిస్తే అదీ ప్రతిష్ఠితమే, దానికి మారుగా ఇచ్చినదీ ప్రతిష్ఠితమే అని ఉంది. పశువుల గురించి అంటావు. పశువులకి చేసిన న్యాయం మనకి చెయ్యడా?

అంటే నా గొంతు నువ్వు విడిచినా ఆయనదే. నేను ఎక్కడ పాడినా ఆయనదే. అది నాకూ ఆయనకూ మధ్య సంగతి, మేం చూసుకుంటాం. కాని నీదీ ఆయనదే అయింది కదా ఇప్పుడు. దాన్ని వెనక బెంచీ మీద దాచిపెట్టుకుని కూర్చునే హక్కు నీకెవరిచ్చారు?

దెబోరా

ఎడిసన్
19 మే 1981

నా గొంతు నాకు తిరిగి ఇప్పించినదానికి, దెబోరాకు, అత్త వ్రాస్తున్నది.

నాకు రికార్డు వేసే మిషను లేదు. విమలకుమారి ఇంటికి పట్టుకెళ్ళాను. ఉషా సూది పెట్టింది. రవికుమార్ పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు, పేజీ మాత్రం తిప్పలేదు. మొదటి పాట అయ్యాక ఉషా "ఇంకోసారి పెట్టనా ఆంటీ" అంది. పెట్టమన్నాను. విమలకుమారి నా చెయ్యి పట్టుకుని చూస్తే చూపుడు వేలు ముందుకు చాచి ఉందట, నేనెరగను.

నచ్చిందని వ్రాస్తే అబద్ధమవుతుంది. డప్పులు మరీ ఎక్కువ. మాటల మీద పడి కొడుతున్నారు, లీరాయ్‌కి చెప్పు. రెండో పాట మొదలవగానే ఆపేయమన్నాను, కంపెనీవాళ్ళు విననీ.

పదో వచనం నిజమే. నా బైబిల్లో ఆ పేజీ అంచు నలిగి ఉంది, ఎన్నిసార్లు తిప్పానో, కంటికి ఆనలేదు. దాన్ని సంఘంలో నేను చదవకూడదు కాబట్టి కాగితం మీద వ్రాసి సత్యానందం గారికి ఇచ్చాను. ఆయన ఈ మూడు నెలలూ ప్రసంగిస్తున్నారు. నెమ్మదైన మనిషి. వింటూ విమలకుమారి రెండుసార్లు గురక పెట్టింది. ఆదివారం ఆయన ఆ కాగితం సంఘంలో చదివారు, ఆ వచనం చూపించింది నువ్వని కూడా చెప్పారు. తర్వాత కుర్చీకి తగిలించిన కోటు తీసి, ఈ మే నెల ఎండలో, తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నారు. "ఈ హాలులో చలి ఎక్కువైందమ్మా, లేచి రండి" అన్నారు.

లేచాను. ఎవరి మీదా కేకలు వెయ్యలేదు, అలవాటు లేక మొదట్లో తడబడ్డాను. యెఫ్తా కూతురి గురించి చెప్పాను. చెబుతున్నంతసేపూ మెట్ల వైపు తలుపు తెరిపించి ఉంచాను. ఇకపై అది తెరిచే ఉంటుంది, చలికాలమైనా సరే.

శనివారం బస్సుకి మెంఫిస్ వస్తున్నాను. నువ్వు పాడే చోటికే వస్తాను. అది మంచి చోటని నేను ఒప్పుకున్నట్టు కాదు, అక్కడ నా అభిప్రాయం అడిగితే చెబుతాను కూడా. నన్ను చూసి చర్చి పాట ఎత్తుకోకు, రోజూ ఏది పాడతావో అదే పాడు. వెనక వరుసలో కూర్చుంటాను. ఎవరైనా జవాబు చెప్పాల్సి వస్తే నాకూ వచ్చు, మెట్ల మీద నిలబడి నేనూ వినేదాన్ని.

ఒక్కటే అడుగుతున్నాను. మెడకు గుడ్డ కట్టుకోకు.

అత్త